మూలకానికి రోల్ నంబరు ఎవరిచ్చారు?

(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, ఏదైనా సైన్సు విషయం చెప్పు. ఇప్పుడు చదువుతున్న పిల్లలు కూడా వస్తారు" అన్నాడు. మరీ ఎక్కువసేపు మాట్లాడితే గంట కొట్టేయండి. ఈ బడి గంటకు నేను ఇప్పటికీ భయపడతాను.

విషయంలోకి వెళ్లే ముందు ఒక నేరం ఒప్పుకోవాలి. మన ల్యాబు గోడకు గుడ్డ అంటించిన పాత ఆవర్తన పట్టిక చార్టు ఒకటి ఉండేది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో కోబాల్టుకీ నికెల్‌కీ మధ్య ఎర్ర ఇంకుతో అటూ ఇటూ బాణాలు గీసి, కింద "తప్పు" అని రాసి ఉంటుంది. అది రాసింది నేనే. 1982లో, తొమ్మిదో తరగతిలో.

ఎందుకు రాశానంటే, ఆ చార్టులో ప్రతి గడిలోనూ పైన ఒక అంకె, కింద ఒక అంకె ఉండేవి. కింద ఉన్నది పరమాణు భారం. ఎడమ నుంచి కుడికి పోతుంటే అది పెరుగుతూ వస్తుంది. పైన ఉన్నది ఒకటి, రెండు, మూడు అని వరస. నేను అనుకున్నదేమిటంటే, మూలకాలన్నిటినీ బరువు ప్రకారం నిలబెట్టి, ఆ తర్వాత ఎవరో కూర్చుని పైన వరస నంబర్లు వేసుకుంటూ పోయారని. డ్రిల్లు పీరియడులో మనల్ని పొట్టివాళ్ల నుంచి పొడుగువాళ్ల దాకా నిలబెట్టి డ్రిల్లు మాస్టారు నంబర్లు చెప్పించేవారే, అలాగన్నమాట. అలా చూసుకుంటూ వస్తే కోబాల్టు 58.9, దాని తర్వాత నికెల్ 58.7. పొడుగువాడు ముందు, పొట్టివాడు వెనక! చార్టు అచ్చు వేసినవాడి పొరపాటు పట్టేశాననుకున్నాను. దిద్దేశాను.

మర్నాడు మా సైన్సు మాస్టారు చార్టు చూసి, "ఎవర్రా ఇది?" అన్నారు. క్లాసంతా నా వైపే చూసింది. లేచి నిలబడ్డాను. దెబ్బలు ఖాయమనుకున్నాను. ఆయన కొట్టలేదు. ఎందుకు దిద్దావని అడిగారు. చెప్పాను. ఆయన చార్టు దగ్గరికి వెళ్లి కళ్లజోడు పైకి ఎత్తి చూసి, "నువ్వు చదివిన అంకె కరెక్టే. చార్టు కూడా కరెక్టే. రెండూ ఎలా కరెక్టవుతాయో కనుక్కుని నాకు చెప్పు. చెప్పేదాకా ఆ ఎర్ర ఇంకు చెరపను" అన్నారు.

నేను చెప్పలేదు. పదో తరగతిలో "మూలకాల ధర్మాలు వాటి పరమాణు సంఖ్యల మీద ఆధారపడతాయి, దీన్ని మోస్లే నిరూపించాడు" అని బట్టీ పట్టాను. పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. మాస్టారు అడిగిన ప్రశ్నకు జవాబు అదేనని మాత్రం నాకు తట్టలేదు. ఆయన ఇప్పుడు మొదటి వరసలోనే కూర్చుని ఉన్నారు. మాస్టారూ, నలభై రెండేళ్లు ఆలస్యమైంది. ఇప్పుడు చెబుతాను.

నాలాగే మూలకాలను బరువు ప్రకారం నిలబెట్టినవాడు మెండలీవ్. 1869లో రష్యాలో పట్టిక ప్రకటించాడు. అయితే ఆయన బరువును మాత్రమే నమ్మలేదు, గుణం కూడా చూశాడు. టెల్లూరియం బరువు అయోడిన్ కంటే ఎక్కువ. బరువు ప్రకారమైతే అయోడిన్ ముందు రావాలి. కానీ అయోడిన్ గుణాలన్నీ క్లోరిన్, బ్రోమిన్‌లవి. దాన్ని తీసుకెళ్లి గంధకం వరసలో కూర్చోబెడితే ఎలా? అందుకని టెల్లూరియాన్నే ముందు పెట్టి, దాని బరువు కొలిచినవాళ్లే పొరబడి ఉంటారని అనుకున్నాడు. నేను చార్టు తప్పనుకున్నాను, ఆయన కొలత తప్పనుకున్నాడు. రెండూ తప్పు కాదు. ఎన్నిసార్లు కొలిచినా టెల్లూరియం 127.6, అయోడిన్ 126.9. తర్వాత ఆర్గాన్, పొటాషియం జంటలోనూ ఇదే తలకిందులు వ్యవహారం బయటపడింది.

కాబట్టి 1913 దాకా పరిస్థితి ఇది. పట్టికలో ప్రతి మూలకానికీ ఒక వరస నంబరు ఉంది. ఆ నంబరు మనం వేసుకున్నది. మధ్యలో ఒక కొత్త మూలకం దొరికితే దాని తర్వాత వాటన్నిటి నంబర్లూ ఒకటి జరుగుతాయి. బడి రిజిస్టర్లో రోల్ నంబర్లలాగ. కొత్త పిల్లవాడు చేరితే, ఒకడు బడి మానేస్తే మారిపోతాయి. పిల్లవాడి ఒంట్లో ఎక్కడా ఆ నంబరు ఉండదు.

మరి మూలకం విషయంలో కూడా అంతేనా? లేక ఆ నంబరు అణువు లోపలే ఎక్కడైనా ఉందా?

ఇలా అడగడానికి కారణం ఉంది. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు మధ్యలో చిన్న కేంద్రకం ఉందనీ, ధనావేశమంతా అందులోనే ఉందనీ చెప్పాడు. ఆ ఆవేశం ఎంత అన్నది మిగిలిన ప్రశ్న. వాన్ డెన్ బ్రోక్ అనే డచ్చి ఆయన, వృత్తికి లాయరు, పట్టికలో మూలకం ఎన్నో స్థానంలో ఉందో కేంద్రకం ఆవేశం కూడా అంతే అయి ఉంటుందని ఊహించాడు. లాయరు వాదన బాగుంది, సాక్ష్యం లేదు. ఆ సాక్ష్యం తెచ్చినవాడు హెన్రీ మోస్లే. అప్పటికి అతని వయసు పాతికేళ్లు. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తున్నాడు.

అతను ఎంచుకున్న దారి ఎక్స్‌కిరణాలు. వేగంగా పోయే ఎలక్ట్రాన్లు ఒక లోహం ముక్కను తాకితే ఎక్స్‌కిరణాలు వస్తాయి. అందులో కొన్ని ఏ లోహమైనా ఒకేలా వచ్చే కలగాపులగం. వాటితో పాటు ఆ లోహానికి మాత్రమే సొంతమైన కొన్ని కిరణాలు ఉంటాయని బార్‌క్లా అప్పటికే చూపించాడు. మన పాఠ్యపుస్తకాలు వీటిని అభిలాక్షణిక ఎక్స్‌కిరణాలు అంటాయి. గుంపులో నలుగురు మాట్లాడుతున్నా మనింటి మనిషి గొంతు మనకు తెలిసిపోతుంది కదా, అలాంటివి.

ఆ గొంతు ఎక్కణ్ణించి వస్తుందో చెబుతాను. కేంద్రకానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న మొదటి కర్పరంలో రెండు ఎలక్ట్రాన్లు ఉంటాయి. బయటి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ వాటిలో ఒకదాన్ని తన్ని బయటికి పంపేస్తుంది. ఖాళీ పడింది. రెండో కర్పరంలో ఉన్న ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి దూకుతుంది. దూకినప్పుడు మిగిలిన శక్తి ఎక్స్‌కిరణంగా బయటికొస్తుంది. ఈ గీతకు కె-ఆల్ఫా అని పేరు.

రసాయన గుణాలు, రంగు, మెరుపు, ఇవన్నీ అణువు పైపైన ఉండే ఎలక్ట్రాన్ల వ్యవహారం. లోపల కేంద్రకం పక్కనే ఉన్న ఎలక్ట్రాన్లకు బయట ఏం జరుగుతోందో దాదాపు పట్టదు. వాటికి తెలిసింది కేంద్రకం ఎంత గట్టిగా లాగుతోందన్నది ఒకటే. అందుకే రాగి ఇత్తడి బిందెలో ఉన్నా, కరెంటు తీగలో ఉన్నా, మైలతుత్తంలో ఉన్నా లోపలి గొంతు ఒకటే.

ఈ కిరణాల పౌనఃపున్యం కొలవడం ఎలా? 1912లో లావే స్ఫటికాల మీద ఎక్స్‌కిరణాలు పడితే అవి నిర్దిష్టమైన కోణాల్లో చెదురుతాయని కనిపెట్టాడు. బ్రాగ్‌లు, తండ్రీకొడుకులు, ఆ కోణం నుంచి తరంగదైర్ఘ్యం లెక్కకట్టడం నేర్పారు. మోస్లే ఆ పద్ధతి తీసుకున్నాడు. గాలి తీసేసిన ఒక గాజుగొట్టంలో చిన్న బండి పెట్టి, దాని మీద రకరకాల లోహం ముక్కలు వరసగా అమర్చాడు. చేపలు పట్టే పట్టుదారంతో ఆ బండిని లాగుతూ ఒక్కొక్క ముక్కనూ ఎలక్ట్రాన్ల దారిలోకి తెచ్చాడు. వచ్చిన కిరణాలను స్ఫటికం మీద పడనిచ్చి ఫొటో పలక మీద గీతలుగా పట్టాడు.

1913 డిసెంబరులో అచ్చయిన మొదటి వ్యాసంలో కాల్షియం నుంచి జింకు దాకా ఉన్న మూలకాల పలకలను ఒకదాని కింద ఒకటి పేర్చి చూపించాడు. మేడమెట్లలాగ ఒక్కో మూలకానికీ గీతలు ఒక్కో మెట్టు పక్కకు జరిగాయి. అన్నిటికంటే కింద జింకు బదులు ఇత్తడి పెట్టాడు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపిన లోహమని మనకు తెలుసు. పలక మీద రాగి గీతలు రాగి చోటులో, జింకు గీతలు జింకు చోటులో విడివిడిగా పడ్డాయి. కొలిమిలో కలిసిపోయిన రెండూ పలక మీద కలవలేదు.

పిల్లలూ, ఇప్పుడు కొంచెం లెక్క. పెన్నులు తీయండి. అయిదు మూలకాలు చెబుతాను. మొదట పట్టికలో నంబరు, తర్వాత పరమాణు భారం, తర్వాత కె-ఆల్ఫా కిరణం శక్తి కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో, చివర ఆ శక్తికి వర్గమూలం. పౌనఃపున్యానికి బదులు శక్తి చెబుతున్నాను. రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి తేడా రాదు.

ఇనుము: 26, 55.85, 6.40, 2.530
కోబాల్టు: 27, 58.93, 6.93, 2.632
నికెల్: 28, 58.69, 7.48, 2.735
రాగి: 29, 63.55, 8.05, 2.837
జింకు: 30, 65.38, 8.64, 2.939

ముందు బరువులు చూడండి. ఇనుము నుంచి కోబాల్టుకు మూడు పెరిగింది. అక్కణ్ణించి నికెల్‌కు పావు వంతు తగ్గింది. తర్వాత ఒక్కసారిగా అయిదు దాకా పెరిగింది. ఆ తర్వాత రెండు కూడా లేదు. ఆ మెట్లెక్కితే కాళ్లు విరుగుతాయి.

ఇప్పుడు చివరి అంకె చూడండి. మెట్టు మెట్టుకూ 0.102, 0.103, 0.102, 0.102. తాపీమేస్త్రి దారం పట్టి కట్టిన మెట్లలాగ సమానంగా ఉన్నాయి. కోబాల్టు 27, నికెల్ 28. బరువు ఏమైనా చెప్పనీ, కిరణం మాత్రం కోబాల్టే ముందంటోంది.

ఇదీ మోస్లే నియమం. మూలకం విడుదల చేసే తన సొంత ఎక్స్‌కిరణం పౌనఃపున్యానికి వర్గమూలం తీస్తే, అది పరమాణు సంఖ్యతో పాటు సరళరేఖలో పెరుగుతుంది.

వర్గమూలమే ఎందుకు? కేంద్రకం ఆవేశం రెట్టింపు అయిందనుకోండి. ఎలక్ట్రాన్ మీద లాగుడు బలం పెరుగుతుంది. ఆ బలానికి ఎలక్ట్రాన్ సగం దూరానికి దగ్గరవుతుంది కూడా. రెట్టింపు ఆవేశం, సగం దూరం, రెండూ కలిసి శక్తి నాలుగింతలు. అంటే శక్తి ఆవేశానికి వర్గంగా పెరుగుతుంది. అదే సంవత్సరం బోర్ హైడ్రోజన్‌కు కట్టిన లెక్కలో ఉన్నది ఇదే. హైడ్రోజన్‌లో రెండో కక్ష్య నుంచి మొదటి కక్ష్యకు ఎలక్ట్రాన్ దూకితే 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. రాగి నంబరు 29. అందులో ఒకటి తీసేయండి, 28. దాని వర్గం 784. దాన్ని 10.2తో గుణిస్తే 7997. కొలిచి చూస్తే దాదాపు 8050. నూటికి ఒకటి కూడా తేడా లేదు. అన్నిటికంటే తేలికైన హైడ్రోజన్ లెక్క తెచ్చి రాగికి వేస్తే సరిపోయింది.

ఒకటి ఎందుకు తీసేశామని ఎవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. లోపలి కర్పరంలో రెండు ఎలక్ట్రాన్లలో ఒకటి పోయింది, ఇంకొకటి అక్కడే ఉంది. దూకే ఎలక్ట్రాన్‌కూ కేంద్రకానికీ మధ్య అది అడ్డు. కేంద్రకం ఆవేశంలో ఒక వంతును అది కప్పేస్తుంది. స్థూలంగా కారణం అది. బరువైన మూలకాలకు పోతున్నకొద్దీ ఈ చిన్న లెక్క కొంచెం కొంచెం పక్కకు జరుగుతుంది, కానీ వరస తప్పదు.

అంటే మాస్టారూ, ఆ చార్టులో పైనున్న అంకె మనం వేసుకున్న రోల్ నంబరు కాదు. అది కేంద్రకంలో ఉన్న ధనావేశం లెక్క. పుట్టుకతో ఉన్నది. నేను చదివిన బరువు నిజమే, చార్టులో వరసా నిజమే. బరువును బట్టి వరస పెట్టాలనుకోవడమే నా పొరపాటు. ఒకే నంబరున్న అణువుల్లో కూడా న్యూట్రాన్లు ఎక్కువ తక్కువలుంటాయి కాబట్టి బరువులు అటూ ఇటూ అవుతాయి. అది మోస్లే తర్వాత చాలా ఏళ్లకు తేలింది.

నంబరు పుట్టుకతో ఉన్నదని తేలాక ఇంకో లాభం కలిగింది. రిజిస్టర్లో ఎవరు గైర్హాజరో తెలిసిపోయింది. అంతకు ముందు రెండు మూలకాల మధ్య ఇంకా ఎన్ని దొరకాల్సినవి ఉన్నాయో చెప్పడానికి ఆధారం లేదు. మోస్లే 1914 ఏప్రిల్ నాటికి అల్యూమినియం 13 నుంచి బంగారం 79 దాకా వరస చూసి 43, 61, 75 ఖాళీలని చెప్పాడు. 75వది రీనియం, 1925లో దొరికింది. 43వది టెక్నీషియం, 1937లో కృత్రిమంగా తయారైంది. 61వది ప్రొమీథియం, 1945లో. ఫ్రాన్సు నుంచి ఉర్బెయిన్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్త, తాను 72వ మూలకం అనుకుంటున్న పదార్థాన్ని పట్టుకుని ఆక్స్‌ఫర్డ్‌కు మోస్లే దగ్గరకే వచ్చాడు. కిరణాలు చూస్తే అందులో కొత్త మూలకం జాడ లేదు. అసలైన 72, హాఫ్నియం, 1923లో కోపెన్‌హాగన్‌లో దొరికింది. దాన్ని పట్టించింది కూడా ఎక్స్‌కిరణాలే.

ఇదంతా మోస్లే ఏడాది తిరక్కుండా చేసిన పని. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. అప్పుడతను సైన్సు సభల కోసం ఆస్ట్రేలియా వెళ్లి ఉన్నాడు. తిరిగొచ్చి సైన్యంలో ఇంజనీర్ల దళంలో చేరాడు. 1915 ఆగస్టు 10న టర్కీలోని గలిపొలిలో తుపాకి గుండుకు చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఇక్కడున్న చాలామంది పిల్లల వయసు కంటే మా పిల్లల వయసే దానికి దగ్గర. అది తలుచుకున్నప్పుడల్లా నాకు మాట రాదు.

ఇక నా రెండో నేరం. మొదటిదానికి ఎర్ర ఇంకు, దీనికి నీలం ఇంకు.

1998లో నేను ఉత్తరాదిలో ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం నిర్మాణంలో నాణ్యత చూసే ఇంజనీరుగా ఉన్నాను. బాయిలరు నుంచి టర్బైనుకు ఆవిరి తీసుకెళ్లే గొట్టాలుంటాయి. ఆవిరి వేడి 540 డిగ్రీలు, ఒత్తిడి చాలా ఎక్కువ. ఆ వేడికి మామూలు ఉక్కు ఆగదు. ఎర్రగా కాలకపోయినా ఒత్తిడికి లోలోపల సాగుతూ, సాగుతూ కొన్నాళ్లకు పగులుతుంది. అందుకని రెండుంపావు శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం కలిపిన ఉక్కు వాడతారు. చూడ్డానికి రెండూ ఒకటే. చేత్తో ఎత్తితే బరువూ ఒకటే. అయస్కాంతం రెంటికీ అంటుకుంటుంది. తేడా తెలియడానికి వాటి మీద నంబరు గుద్దుతారు, రంగు పట్టీలు వేస్తారు, కాగితాలు ఇస్తారు.

గొట్టం వంపు తిరిగే చోట పెట్టే ఎల్బోలు వచ్చాయి. కాగితాలున్నాయి. రంగు పట్టీ ఉంది. నంబరు ఒకదాని మీద సరిగా కనబడలేదు. పెయింటు కింద ఉంటుందిలే అనుకున్నాను. పని ఒత్తిడి, పైనుంచి తొందర. రిజిస్టర్లో సంతకం పెట్టాను. వెల్డింగు అయిపోయింది.

లైనులోకి ఆవిరి వదిలే ముందు ఒక పరీక్ష మిగిలింది. బయటి ఏజెన్సీ నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. చేతిలో ఒక పెట్టె, దాని ముందు మూతిలో చిన్న రేడియోధార్మిక పదార్థం. దాన్ని లోహానికి ఆనిస్తే లోహంలోని అణువులు తమ సొంత ఎక్స్‌కిరణాలు వదులుతాయి, పెట్టె వాటిని లెక్కపెడుతుంది. ఒక్కొక్క ఎల్బో మీదా ఆనిస్తూ వచ్చాడు. ఆ ఒక్కదాని దగ్గర ఆగి, "సార్, ఇందులో క్రోమియం లేదు" అన్నాడు. "మళ్లీ చూడండి" అన్నాను. చూశాడు. మూడోసారి నేనే పట్టుకుని చూశాను. 6.4 దగ్గర ఇనుము నిలువునా లేచి ఉంది. 5.4 దగ్గర క్రోమియం ఉండాలి, లేదు. 17.4 దగ్గర మాలిబ్డినం ఉండాలి, అదీ లేదు.

మొత్తం లైను వెతికితే అలాంటిది ఇంకొకటి దొరికింది. రెండిటినీ కోసి తీసేశాం. నాకు మెమో వచ్చింది, రావాల్సిందే. ఆ లైను పక్కన రోజూ పదిమంది తిరిగేవాళ్లు. ఆ ఎల్బో నెలకు పగిలేదో, మూడేళ్లకు పగిలేదో చెప్పలేను. సంతకం మాత్రం నాది. ఆ రాత్రి గదిలో కూర్చుంటే మన ల్యాబు చార్టు గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో బరువు చూసి మోసపోయాను. ఇరవై తొమ్మిదేళ్లొచ్చాక రంగు పట్టీ చూసి మోసపోయాను. మాస్టారి ప్రశ్నకు జవాబు నాకు నిజంగా అర్థమైంది ఆ రాత్రే.

ఈ పెట్టెలు ఇప్పుడు మీ అందరికీ తెలిసినవే. బంగారు కొట్టుకు వెళ్తే గాజులు పెట్టెలో పెట్టి, నిమిషంలో "తొంభై ఒకటి పాయింటు ఆరు" అని కాగితం ఇస్తున్నారే, క్యారట్ మీటరు, అది ఇదే. బంగారం, రాగి, వెండి, దేని గొంతు దానికి వినపడుతుంది. కేడీయం నగలంటే ఒకప్పుడు కాడ్మియం కలిపి అతికినవి. వెండి 47, కాడ్మియం 48, పక్కపక్క నంబర్లు. వాటి కిరణాలు 22.2, 23.2. పెట్టె తడబడకుండా విడదీస్తుంది.

అయితే అక్కయ్యలకు ఒక హెచ్చరిక. పెట్టె చూసేది పైపొరనే. మందంగా పూత పూసిన నగను ఎదురుగా పెడితే పూత సంగతే చెబుతుంది. అలాగే ఉక్కులో కార్బన్ ఎంతుందో చేతిలో పట్టుకునే ఈ పెట్టె చెప్పలేదు. కార్బన్ నంబరు ఆరు. చిన్న నంబరు కాబట్టి దాని కిరణం మరీ బలహీనం, గాలి దాటి పెట్టెలోకి చేరకముందే ఆరిపోతుంది. ఇదీ మోస్లే లెక్కలోనే ఉంది. ఏ యంత్రం ఏది చూడలేదో తెలియడం కూడా దాన్ని వాడడంలో భాగమే.

చివరిగా ఒక మాట. కొందరికి నచ్చకపోవచ్చు. మన్నించాలి.

స్వర్ణోత్సవానికి గుర్తుగా బడికి ముఖద్వారం కట్టాలని సంఘం అనుకుంటోంది. నేనూ చందా ఇచ్చాను, వెనక్కి అడగను. కానీ నిన్న సాయంత్రం వచ్చి ల్యాబు గది చూశాను. తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే లోపల విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి. మన కాలంలో ఉన్నది నాలుగు బ్యూరెట్లు, ఒక త్రాసు, ఆ చార్టు. అంత మాత్రమే ఉన్నా అక్కడ ఒక మాస్టారు ఒక కుర్రవాడికి ప్రశ్న వేయగలిగారు. ముఖద్వారం కొంచెం చిన్నదిగా కట్టుకుందాం. మిగిలిన డబ్బుతో ఆ గది తెరిపిద్దాం. బెంచీలు తీయించి, కరెంటు సరిచేయించి, సామాను కొందాం. సామాను జాబితా, ధరలు నేను రాసి తెచ్చాను, కార్యదర్శికి ఇస్తాను. ఏటా జనవరిలో నేను వారం రోజులు వచ్చి పిల్లలతో కూర్చుంటాను. ఇది సభలో అన్న మాట కాబట్టి తప్పితే మీరు అడగవచ్చు.

ఉపాధ్యాయులకు ఒక చిన్న మనవి. ఈ పాఠానికి ఎక్స్‌రే యంత్రం అక్కర్లేదు, పిల్లల దగ్గర అది ఉండకూడదు కూడా. ఒక గ్రాఫు కాగితం చాలు. ఇందాక చెప్పిన అయిదు మూలకాల్లో నాలుగే ఇవ్వండి, నికెల్ దాచండి. అడ్డంగా నంబరు, నిలువుగా వర్గమూలం పెట్టి చుక్కలు పెట్టమనండి. స్కేలు పెట్టి గీత గీసి, 28 దగ్గర ఎంత వస్తుందో చదవమనండి. తర్వాత మీ దగ్గరున్న అంకె చెప్పండి. వాళ్ల ముఖాలు చూడండి. ఆ తర్వాత అదే కాగితం మీద బరువులతో చుక్కలు పెట్టమనండి. ఎవరో ఒకరు తప్పకుండా లేచి "ఇక్కడ తప్పుంది సార్" అంటారు. కొట్టకండి.

చార్టు గురించి ప్రధానోపాధ్యాయులను అడిగాను. బీరువా వెనక చుట్టి ఉందట, అంచులు చెదలు తిన్నాయట. కొత్త చార్టు నేనే కొని తెచ్చాను. పాతదాన్ని మాత్రం పారేయకండి. మాస్టారు ఈ సాయంత్రం జవాబు సరిపోయిందంటే, ఆ ఎర్ర ఇంకు చెరపడానికి నేనే వస్తాను.